వీసాకు తీసే ఎక్స్‌రే వాడకు తీయరా?

సూరత్‌లో ఉధ్నా దాటి నవాగామ్, డిండోలి వైపు వెళ్తే దుకాణాల బోర్డుల మీద గుజరాతీ, హిందీ, మరాఠీ కనిపిస్తాయి. చెవిన పడే మాటల్లో మాత్రం అప్పుడప్పుడు వరంగల్, కరీంనగర్, నల్లగొండ యాస తగులుతుంది. మగ్గం మీద బతుకు సాగక తెలంగాణ పల్లెల నుంచి భివండీకి, షోలాపూర్‌కు, సూరత్‌కు వలస వచ్చిన పద్మశాలీల పిల్లలు, మనవలు ఇక్కడే పెరుగుతున్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే మనవాళ్ల ఉనికి ఎంతటిదో అర్థమవుతుంది. తాత సాంచాలు (మరమగ్గాలు) నడిపాడు. తండ్రి సాంచాలు నడుపుతున్నాడు. మనవరాలు డిగ్రీ చదివింది. ఆమెకు లండన్‌లోనో డాలస్‌లోనో స్థిరపడిన అబ్బాయితో సంబంధం కుదిరిందంటే ఇప్పుడెవరూ ఆశ్చర్యపోరు.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. పెళ్లయింది. అబ్బాయి బ్రిటన్ తిరిగి వెళ్లిపోయాడు. అమ్మాయి భార్య వీసాకు కాగితాలు సర్దుకుంటోంది. పెళ్లి సర్టిఫికెట్, ఫొటోలు, అబ్బాయి జీతం కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంగ్లిష్ పరీక్ష ఫలితం అన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్లో చేరాయి. ఇంకొక్కటి మిగిలింది: ఊపిరితిత్తుల్లో క్షయ లేదని చెప్పే ధ్రువపత్రం. దానికోసం ఆమె తెల్లవారుజామున వదినెను తోడు తీసుకుని రైలెక్కి అహ్మదాబాద్ వెళ్తుంది. గుర్తింపు పొందిన క్లినిక్‌లో పాస్‌పోర్టు చూపిస్తుంది. ఫిల్ములో లోహం పడకూడదు కాబట్టి పెళ్లినాటి నుంచి మెడలోంచి తీయని పుస్తెలతాడు తీసి వదినె చేతికిస్తుంది. చల్లటి పలకకు ఛాతీ ఆనించి, గడ్డం పైకెత్తి, భుజాలు ముందుకు వంచి, నిండా ఊపిరి పీల్చి బిగబడుతుంది. క్షణంలో అయిపోతుంది.

అంతకుముందు ఆమెను ఒక ప్రశ్న అడుగుతారు: క్షయ ఉన్నవారితో ఈ మధ్య దగ్గరగా మెలిగావా, ఇంట్లో ఎవరికైనా ఉందా? లేదంటుంది. ఆమెకు తెలిసినంతవరకు అది నిజమే. రాత్రి పాళీ చేసి పొద్దున ఇంటికి వచ్చే తండ్రి నెలల తరబడి దగ్గుతున్నాడు. అది దుమ్ము దగ్గు అని అందరూ అనుకుంటున్నారు. ఆయనకు ఎక్స్‌రే ఎవరూ తీయలేదు. ఆ కుటుంబంలో ఆయన ఊపిరి గురించి అడిగిన తొలి మనిషి పరదేశం తరఫున కూర్చున్న డాక్టరు. అదీ ఆయన కోసం అడిగిన ప్రశ్న కాదు, దేశం దాటబోతున్న కూతురి కోసం అడిగింది.

వీసా క్షయ పరీక్ష న్యాయమా, అవమానమా అన్న చర్చ మన ఇళ్లలో తరచూ వస్తుంది. ఆ చర్చ అవసరమే. దానికన్నా పెద్ద ప్రశ్న ఈ తండ్రి దగ్గర ఉంది. దేశం విడిచే మనిషికి దొరికే శ్రద్ధ దేశంలో ఉండిపోయే మనిషికి ఎందుకు దొరకడం లేదు?

నిబంధన ఏమంటోంది?

ముందు నిబంధనల సంగతి తేటగా తెలుసుకోవాలి. సగం భయం తెలియకపోవడం వల్లే పుడుతోంది.

భారత్ వంటి దేశాల్లో ఆరు నెలలకు మించి ఉన్నవారు, మళ్లీ ఆరు నెలలకు మించి ఉండేందుకు బ్రిటన్ వెళ్లాలంటే, దరఖాస్తుతోపాటే క్షయ లేదన్న ధ్రువపత్రం పెట్టాలి. పెళ్లి చేసుకోవడానికి కాబోయే భర్త దగ్గరకు వెళ్లేవారికీ ఇది తప్పదు. ఆ దేశం గుర్తించిన క్లినిక్‌లలో తీసిన పరీక్షే చెల్లుతుంది. పత్రం గడువు ఆరు నెలలు. ఎక్స్‌రేలో అనుమానం వస్తే తెమడ పరీక్ష చేస్తారు. తెమడలోని క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష ఫలితం రావడానికి రెండు నెలల దాకా పట్టవచ్చు. గర్భిణికి మూడు దారులున్నాయి: పొట్టకు రక్షణ కవచం కట్టి ఎక్స్‌రే తీయించుకోవడం, ఎక్స్‌రే లేకుండా తెమడ పరీక్షకు వెళ్లడం, కాన్పు అయ్యేదాకా ఆగడం. ఏది ఎంచుకోవాలో ఆమె ఇష్టం. ఈ సంగతి తెలియక బలవంతంగా ఒప్పుకున్నవాళ్లు ఉండకూడదు.

అమెరికాకు భార్యగా, భర్తగా శాశ్వత నివాస వీసా మీద వెళ్లేవారిని ఆ దేశ కాన్సులేట్ నియమించిన ప్యానెల్ వైద్యులు పరీక్షిస్తారు. పదిహేనేళ్లు నిండినవారికి ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. 2024 అక్టోబరు నుంచి భారత్ వంటి దేశాల్లో రెండేళ్లు నిండిన అందరికీ ఇగ్రా అనే రక్తపరీక్ష కూడా చేస్తున్నారు. ఒంట్లో క్షయ క్రిమి నిద్రపోతోందేమో అది చెబుతుంది. రక్తపరీక్ష పాజిటివ్ వచ్చి ఎక్స్‌రే శుభ్రంగా ఉంటే వీసా ఆగదు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే వేర్వేరు రోజుల్లో మూడుసార్లు తెమడ ఇవ్వాలి. కల్చర్‌కు ఎనిమిది వారాలు ఆగాలి. క్రిమి పెరిగితే చికిత్స మొత్తం వైద్యుల పర్యవేక్షణలో, రోజూ ఎదుటే మాత్ర మింగుతూ పూర్తి చేశాక గానీ ప్రయాణం లేదు.

కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పదకొండేళ్లు నిండినవారికి ఎక్స్‌రే అడుగుతాయి. కెనడాలో భర్తో భార్యో స్పాన్సర్ చేసిన మనిషిని, వైద్యానికి ఖర్చు ఎక్కువవుతుందన్న కారణంతో తిరస్కరించడానికి చట్టం ఒప్పుకోదు. అంటుకునే స్థితిలో ఉన్న క్షయకు ఈ మినహాయింపు వర్తించదు. ఆస్ట్రేలియా చట్టంలో మిగతా జబ్బులకు మినహాయింపు ఇచ్చే వీలుంది గానీ, క్షయకు లేదు. చికిత్స ముగిసేదాకా తలుపు తెరుచుకోదు.

ఈ అయిదు దేశాల నిబంధనల్లో ఒక పోలిక ఉంది. అవి అడిగేది ఇవాళ నీకు అంటించే క్షయ ఉందా అని. ఎప్పుడైనా వచ్చిందా అని అడిగినా, పూర్తిగా నయమైన జబ్బు కారణంగా తలుపు మూయవు. గల్ఫ్ దేశాల పద్ధతి వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో అది అందరికీ తెలుసు. ఒకప్పుడు గామ్కా అనేవారు, ఇప్పుడు వాఫిద్ అంటున్నారు. ఆ వైద్య పరీక్షలో ఎక్స్‌రే మీద ఎప్పుడో మానిపోయిన క్షయ మచ్చ కనిపించినా కొత్తగా వెళ్లేవారికి ‘అన్‌ఫిట్’ ముద్ర పడుతుంది. ఆరు నెలలు క్రమం తప్పక మందులు వాడి నయం చేసుకున్న మనిషికి పడే శిక్ష అది. వైద్యం ప్రకారం ఆ మచ్చ ఎవరికీ అంటదు. ఇవాళ జబ్బు ఉందేమోనని చూడటాన్ని అర్థం చేసుకోవచ్చు. నయమైన మనిషిని జీవితాంతం రోగిగా లెక్కించడాన్ని ఒప్పుకోలేం.

గడప దగ్గర అనుమానం

పరదేశం వచ్చే మనిషి ఒంటిని తడిమి చూసే అలవాటు ఇప్పటిది కాదు. 1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ క్షయ క్రిమిని లోకానికి చూపించాడు. పాతికేళ్లకు, 1907లో, అమెరికా తన వలస చట్టంలో క్షయ రోగులకు ప్రవేశం లేదని రాసుకుంది. అప్పటికి మందు లేదు. సముద్రం దాటి వచ్చిన పేదవాడిని వెనక్కి పంపడమొక్కటే వాళ్లకు తెలిసిన దారి.

కొన్నిచోట్ల అనుమానం జబ్బును దాటిపోయింది. 1970లలో బ్రిటన్ వెళ్లే దక్షిణాసియా కుటుంబాల పిల్లలకు వయసు తేల్చడానికి ఎముకల ఎక్స్‌రేలు తీశారు. 1979 జనవరిలో పెళ్లి చేసుకోవడానికి లండన్ హీత్రో విమానాశ్రయంలో దిగిన ఒక భారతీయ ఉపాధ్యాయురాలికి కన్యత్వ పరీక్ష చేశారు. ఆ వార్త బయటికొచ్చి గగ్గోలు రేగాక ఆ పద్ధతి ఆపేశారు. విదేశీ భాగస్వామి వీసా పేరుతో ఆడపిల్ల శరీరాన్ని కాగితంలా తిప్పి చూసిన చరిత్ర ఉన్నప్పుడు, ఇవాళ ఎక్స్‌రే గదిలో నిలబడ్డ అమ్మాయికి లోపల ముల్లు గుచ్చుకుంటే అది అర్థం లేని బాధ కాదు.

సూరత్‌కు ఈ బాధ మరీ బాగా తెలుసు. ఒకప్పుడు గడప దగ్గర నిలబడింది ఆంగ్లేయులే: 1608లో వాళ్ల కంపెనీ తరఫున విలియం హాకిన్స్ ఓడ దిగింది సూరత్ రేవులోనే. ఆ కంపెనీ ఇక్కడ కోఠీ పెట్టుకోవడానికి మొగల్ పాదుషా ఫర్మానా కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఎవరు ఎవరి గడప దగ్గర నిలబడాలన్నది కాలాన్ని బట్టి మారుతుంది. తర్వాత అనుమానం సూరత్ మీదే పడింది. 1994 సెప్టెంబరులో ఇదే నగరంలో ప్లేగు వార్త పుట్టింది. యాభై మందికి పైగా చనిపోయారు. లక్షల మంది రైళ్లకూ బస్సులకూ ఎగబడి నగరం వదిలారు. కొన్ని దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి. సూరత్ నుంచి వచ్చినవాడంటే సొంత దేశంలోనే జనం దూరం జరిగారు. ఒక ఊరి పేరే రోగం పేరుగా మారితే ఎలా ఉంటుందో ఆ కార్మికవాడలకు చెప్పనక్కర్లేదు.

పరీక్ష పని చేస్తోందా?

మనసుకు కష్టంగా ఉన్నంత మాత్రాన పరీక్ష పనికిరానిది కాదు. లెక్కలు చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచంలో 1.08 కోట్ల మందికి క్షయ జబ్బు వచ్చింది. 12.5 లక్షల మంది చనిపోయారు. ఆ రోగుల్లో 26 శాతం భారతీయులు. ఆ ఏడాది మన దేశంలో లక్ష జనాభాకు 195 మంది కొత్తగా జబ్బు పడ్డారు. 2015లో ఆ సంఖ్య 237. తగ్గుతోంది, నిజమే. అమెరికాలో అది మూడుకు దగ్గర. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ దేశం ఎక్స్‌రే అడగడాన్ని కేవలం జాతి ద్వేషంగా కొట్టిపారేయలేం.

పరీక్ష ఫలితమిచ్చిందనీ చెప్పాలి. అమెరికా 2007 నుంచి తెమడను సూక్ష్మదర్శినితో చూడటంతో సరిపెట్టక, కల్చర్ చేయించడం మొదలుపెట్టింది. 2012 దాకా కొత్త పద్ధతిలో పట్టుబడిన నాలుగు వేల పైచిలుకు రోగుల్లో సగానికి పైగా పాత పద్ధతిలో తప్పించుకుపోయేవాళ్లే. వాళ్లందరికీ ప్రయాణానికి ముందే జబ్బు తెలిసింది, మందు దొరికింది. ఇది వాళ్ల దేశానికి ఎంత మేలో ఆ మనుషులకూ అంతే మేలు. విదేశంలో ఒంటరిగా మంచాన పడటం తప్పింది.

లోపాలూ ఉన్నాయి. అన్నింటికన్నా పెద్ద లోపం, పరీక్ష రోగాన్ని బట్టి కాకుండా వీసా రకాన్ని బట్టి నడవడం. అమెరికాకు ఎఫ్-1 మీద చదువుకు వెళ్లే విద్యార్థికి, హెచ్-1బి మీద వెళ్లే ఇంజనీరుకు, అతని వెంట హెచ్-4 మీద వెళ్లే భార్యకు సాధారణంగా ఈ వైద్య పరీక్ష ఉండదు. అదే భార్య గ్రీన్‌కార్డు వీసా మీద వెళ్తే ఉంటుంది. ఒకే ఇంటి అక్కాచెల్లెళ్లు ఒకే గాలి పీల్చి పెరిగి, వేర్వేరు వీసాల మీద ఒకే విమానం ఎక్కితే ఒకరి ఛాతీని చూస్తారు, ఇంకొకరిని అడగరు. క్రిమికి వీసా రకాలు తెలియవు.

రెండో లోపం ఇంకా లోతైనది. ఎక్స్‌రే ఇవాళ్టి జబ్బును పట్టుకుంటుంది, రేపటి జబ్బును కాదు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి క్షయ క్రిమి సోకి ఉంటుందని అంచనా. వారిలో ఎక్కువ మందికి ఎన్నడూ జబ్బు రాదు. నూటికి అయిదు నుంచి పది మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. బ్రిటన్ వీసాకు ముందు పరీక్షించినవారి మీద ‘లాన్సెట్’ పత్రికలో 2016లో వచ్చిన అధ్యయనం కూడా ఇదే చెప్పింది: ఇలా పరీక్షించి రానిచ్చినవారి వల్ల ఇతరులకు అంటుకునే ప్రమాదం అత్యల్పం, అయితే వారిలో నిద్రాణంగా ఉన్న క్రిమి తర్వాత మేల్కొనే ముప్పు ఉంది. అంటే గడప దాటించాక పట్టించుకోవడం ఆపేస్తే సగం పనే అయినట్టు. కొత్త ఊళ్లో, కొత్త చలిలో, భాష రాని డాక్టరు దగ్గరకు వెళ్లడానికి జంకే కోడలికి మూడేళ్ల తర్వాత దగ్గు మొదలైతే ఆమెను ఎవరు చూస్తారు? ఇంగ్లండ్‌లో 2015 నుంచి కొత్తగా వచ్చినవారికి నిద్రాణ క్షయ పరీక్ష, ఉచిత మందులు ఇచ్చే పథకం ఉంది. వీసా ఇచ్చే ప్రతి దేశానికీ ఆ బాధ్యత ఉండాలి.

దాచిపెట్టే జబ్బు

నిబంధనల కన్నా మన ఇళ్లలోని మౌనం ఎక్కువ కీడు చేస్తోంది. ఈ మాట బయటికి చెప్పాలి. తెలుగిళ్లలో క్షయకు ఇప్పటికీ గుసగుసే భాష. మన పాత సినిమాల్లో దగ్గి రుమాలు మీద రక్తం చూపిస్తే పాత్ర చనిపోబోతోందని అర్థం. ఆ భయం ఇంకా వదల్లేదు. ఇంటర్ చదివేటప్పుడు అమ్మాయికి క్షయ వచ్చి ఆరు నెలల మందులతో పూర్తిగా తగ్గిందనుకోండి. సంబంధం చూసేటప్పుడు ఆ సంగతి మాట్లాడరు. ‘‘ఎన్నడో పోయిన బీమారి, ఇప్పుడు చెప్పుడెందుకు బిడ్డా’’ అంటుంది అవ్వ. ఆమె మాటలో దురుద్దేశం లేదు, మనవరాలి బతుకు మీద బెంగ ఉంది. కానీ ఆ మౌనం వీసా ఎక్స్‌రే దగ్గర బద్దలవుతుంది. ఫిల్ములో మచ్చ కనిపిస్తుంది. అమ్మాయి ‘గతంలో క్షయ రాలేదు’ అని రాసిచ్చి ఉంటుంది. ఇప్పుడు జబ్బు ప్రశ్న కాస్తా నిజాయితీ ప్రశ్నగా మారుతుంది. దరఖాస్తులో అబద్ధం చెప్పిందన్న ముద్ర పడితే అది క్షయ కన్నా మొండిది. దానికి ఆరు నెలల మందు లేదు.

అమ్మాయి చికిత్స కాగితాలు దాచుకుని ఉంటే సంగతి వేరుగా ఉండేది. ఏ మందులు, ఎన్ని నెలలు వాడింది, చివరి తెమడ ఫలితమేమిటి, అప్పటి ఎక్స్‌రే ఎలా ఉంది అన్నవి చూపిస్తే వైద్యుడు పాత ఫిల్మును, కొత్త ఫిల్మును పక్కపక్కన పెట్టి చూస్తాడు. మచ్చ మారలేదంటే సగం అనుమానం అక్కడే తీరుతుంది. మనం మాత్రం పెళ్లి సంబంధాల భయంతో ఆ కాగితాలనే మొదట చింపేస్తాం.

ఇంకో ప్రమాదకరమైన అలవాటు కూడా ఉంది. వీసా పరీక్షకు ముందు ‘ఎందుకైనా మంచిది’ అని ఎవరో చెప్పిన మందులు కొన్ని రోజులు మింగి వెళ్లడం. దానివల్ల క్రిమి చావదు, తెమడలో కొన్నాళ్లు దొరకకుండా పోతుంది. అరకొర మందులకు అలవాటు పడ్డ క్రిమి మొండికేస్తుంది. మామూలు క్షయ ఆరు నెలల్లో పోతుంది. మందులకు లొంగని క్షయకు వాడాల్సిన మందులు వేరు, కష్టం వేరు. వీసా కోసం ఊపిరితిత్తుల్ని పణంగా పెట్టడమంటే ఇదే.

ఈ బరువంతా ఆడపిల్ల మీదే ఎక్కువ పడుతుంది. అబ్బాయి వీసా ఆలస్యమైతే పరీక్షలని సర్దుకుంటారు. అమ్మాయి వీసా ఆగితే అత్తవారింట ప్రశ్నలు పుడతాయి. ముందే ఉందా, ఎందుకు చెప్పలేదు, పిల్లలకు వస్తుందా అని అడుగుతారు. క్షయ వంశంలో దిగే జబ్బు కాదని, మందులు సరిగా మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే చాలామందిలో అంటించే గుణం తగ్గుతుందని, నయమయ్యాక పెళ్లికీ పిల్లలకూ అడ్డం కాదని ఆ ఇంట్లో గట్టిగా చెప్పే మనిషి ఉండాలి. అది అబ్బాయే అయితే సగం యుద్ధం గెలిచినట్టే.

మన నేల మీద పుట్టిన వైద్యం

క్షయ విషయంలో లోకానికి పాఠం చెప్పిన చరిత్ర మనకుంది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియం తెరిచారు. దేశంలో బీసీజీ టీకా 1948లో మొదలైంది కూడా మదనపల్లెలోనే. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన ప్రపంచ వైద్యాన్నే తిప్పేసింది. అప్పటిదాకా క్షయ రోగిని కొండమీది ఆసుపత్రిలో నెలల తరబడి ఉంచేవారు. మద్రాసు పేదవాడల రోగుల్ని వాళ్ల ఇరుకు ఇళ్లలోనే ఉంచి, మందులిచ్చి చూస్తే ఆసుపత్రిలో ఉంచినవారంత బాగానే నయమయ్యారు. ఇంట్లోవాళ్లకు జబ్బు అంటడం కూడా పెరగలేదు. ఇక రోగిని వెలివేయాల్సిన పని లేదని తేలిపోయింది. ఎదుట నిలబడి మాత్ర మింగించే పద్ధతి మద్రాసు, హాంకాంగ్‌లలోనే రూపుదిద్దుకుంది. ఇవాళ అమెరికా వీసా వైద్యుడు మన అమ్మాయిని రోజూ తన ఎదుట మాత్ర వేసుకోమంటున్నాడంటే, ఆ పద్ధతి మన పేదల ఇళ్లలో పరీక్షకు నిలిచినదే.

జబ్బు ఎక్కడ దాగుందో కూడా మనకు తెలుసు. 2019-21లో దేశవ్యాప్తంగా జరిగిన క్షయ సర్వేలో తేలిన విషయాలు రెండు. ఎక్స్‌రే తీయకుండా కేవలం లక్షణాలు అడిగి ఊరుకుని ఉంటే రోగుల్లో దాదాపు 43 శాతం మంది దొరికేవారు కాదు. లక్షణాలు ఉన్నవారిలో 64 శాతం మంది వైద్యం కోసం వెళ్లనే లేదు. అదే సర్వేలో అన్ని రకాల క్షయ కలిపి చూస్తే అతి తక్కువ ఉన్నది గుజరాత్‌లోనే, లక్షకు 137. దేశ సగటు 312. రాష్ట్రం సగటు తక్కువని నవాగామ్ నిశ్చింతగా ఉండటానికి లేదు. సగటు లెక్క ఇరుకు గదుల్లోకి తొంగిచూడదు. పన్నెండు గంటల పాళీ, సాంచాల మోతలో మాట వినపడని ఖాతా (మరమగ్గాల కార్ఖానా), కిటికీ తెరిస్తే నూలు పాడవుతుందని మూసిన షెడ్డు, ఒకే గదిలో పగటి పాళీవాళ్లు లేచిన చోట రాత్రి పాళీవాళ్లు పడుకునే పరుపు. మీటరు లెక్కన కూలి వచ్చేచోట ఒక పూట ఆసుపత్రికి వెళ్తే ఆ పూట కూలి పోతుంది. దగ్గు అక్కడే పెరుగుతుంది.

వీసా పరీక్ష చేస్తున్నది నిజానికి ఏమిటి? లక్షణాలు లేని మనిషికి ఎక్స్‌రే తీస్తోంది, అనుమానం వస్తే కల్చర్ చేస్తోంది, ఏ మందుకు లొంగుతుందో చూస్తోంది, చికిత్స పూర్తయ్యేదాకా వదలడం లేదు. ఇది మంచి క్షయ నియంత్రణ. మన సర్వే చెప్పిన మందు కూడా ఇదే. పరదేశం తన భద్రత కోసం ఒక అమ్మాయికి చేయించిన దాన్ని మన ప్రభుత్వాలు మన భద్రత కోసం ఆ అమ్మాయి తండ్రికి, అన్నకు, పక్కింట్లో ఉండే ఒడిశా వలస కుర్రాడికి చేయించాలి.

సూరత్‌కు ఇది అసాధ్యం కాదు. ప్లేగు తర్వాత 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు అనే తెలుగు అధికారి చేసి చూపించారు. ఏసీ గదుల్లోంచి అధికారుల్ని రోజూ వీధుల్లోకి దించారు. ఎవరి ప్రాంతానికి వారిని జవాబుదారీ చేశారు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో సూరత్‌ది రెండో స్థానమని వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ ప్రకటించింది. లోకం సూరత్‌ను చూసి తలుపులు మూసింది గనక నగరం బాగుపడలేదు. వీధి చివర చెత్తకుండీ దగ్గరకు అధికారి నడిచి వెళ్లాడు గనక బాగుపడింది.

ఇప్పుడు చేయాల్సింది

మొదటిది, ఎక్స్‌రే ఖాతా దగ్గరకు రావాలి. 2024 డిసెంబరు 7న 347 జిల్లాల్లో మొదలైన వంద రోజుల క్షయ ఉద్యమంలో చేతిలో పట్టే ఎక్స్‌రే యంత్రాలు వాడారు. వాటిని నవాగామ్, డిండోలి, లింబాయత్‌లలో పాళీ మారే వేళ సాంచాల షెడ్ల గేటు ముందు పెట్టాలి. ఏడాదికోసారి కాదు, క్రమం తప్పకుండా. ఆ పూట కూలి కోయబోమని ఖాతా యజమాని మాటివ్వాలి. మాట్లాడే ఆరోగ్య కార్యకర్తల్లో తెలుగు, ఒడియా, మరాఠీ తెలిసినవాళ్లుండాలి. తెలుగు బడి నడపగలిగిన నగరపాలక సంస్థకు తెలుగులో ‘తెమడ ఇవ్వు అన్నా’ అని అడిగే మనిషిని పెట్టడం కష్టమేమీ కాదు.

రెండోది, చికిత్స మనిషి వెంట నడవాలి. మందులు మొదలుపెట్టిన నేతన్న దసరాకు వరంగల్ వెళ్లి రెండు నెలలు ఉండిపోతాడు. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ని-క్షయ్ పోర్టల్‌లో రోగికిచ్చే నంబరు దేశమంతటా పనిచేస్తుంది. సూరత్‌లో మొదలైన మందు వరంగల్‌లో ఆగకుండా చూడాల్సిన బాధ్యత రెండు చోట్ల సిబ్బందిదీ. చికిత్సలో ఉన్నవారికి పోషణ కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి రూపాయలైంది. ఆ డబ్బు అద్దె గదిలో ఉండే వలస కార్మికుడి బ్యాంకు ఖాతాలో సకాలంలో పడితేనే దానికి అర్థం.

మూడోది, చికిత్స ముగిసిన ప్రతి మనిషికీ పూర్తి వివరాలతో ధ్రువపత్రం ఇవ్వాలి. మందుల పేర్లు, తేదీలు, పరీక్ష ఫలితాలు, ఎక్స్‌రే ప్రతి అందులో ఉండాలి. రేపు వీసా వైద్యుడి ముందు, గల్ఫ్ కేంద్రం ముందు ఆ మనిషికి దన్నుగా నిలిచేది అదే. పాత మచ్చ పేరుతో మనవాళ్లను తిప్పి పంపే గల్ఫ్ నిబంధన మార్చమని కేంద్ర ప్రభుత్వం కార్మిక ఒప్పందాల చర్చల్లో గట్టిగా అడగాలి.

నాలుగోది సంపన్న దేశాలు చేయాల్సింది. పరీక్ష మీ భద్రత కోసమైతే దాని ఖర్చు మొత్తం ఆ పేద దరఖాస్తుదారు మీదే వేయడం న్యాయం కాదు. జబ్బు దొరికిన కుటుంబంలో మిగతావారికీ పరీక్ష అందేలా స్థానిక కార్యక్రమానికి సాయం చేయండి. రక్తపరీక్షలో నిద్రాణ క్రిమి దొరికినవారికి, మీ దేశం చేరాక నివారణ మందులు ఉచితంగా ఇవ్వండి. వారానికోసారి చొప్పున పన్నెండు వారాలు వాడితే చాలే చికిత్స ఇప్పుడుంది.

ఇక కుటుంబాల పని. దరఖాస్తు వేసేముందే దగ్గు సంగతి చూపించుకోండి. కల్చర్‌కు రెండు నెలలు పట్టవచ్చని ముందే లెక్క వేసుకుని ముహూర్తాలు, టికెట్లు పెట్టుకోండి. పాత జబ్బును దాచకండి. ఫలితం తేడా వస్తే అమ్మాయిని నిలదీయకండి. ఆరు నెలల తర్వాత కూడా విమానం ఉంటుంది.

మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. అమ్మాయి ఎక్స్‌రే శుభ్రంగా వచ్చింది. ధ్రువపత్రం ఫైల్లో చేరింది. పుస్తెలతాడు మళ్లీ మెడలో పడింది. సాయంత్రం రైలు దిగి ఇంటికి చేరేసరికి తండ్రి రాత్రి పాళీకి సద్ది కట్టుకుంటూ గుమ్మంలో నిలబడి దగ్గుతున్నాడు. అహ్మదాబాద్‌లో తనను అడిగిన ప్రశ్న ఆమెకు గుర్తుంది. దాన్ని ఇప్పుడు తండ్రి కోసం అడగొచ్చు. ‘‘నాయినా, రేపు పొద్దుగాల పాళీ దిగినంక పోయి ఎక్స్‌రే తీపిచ్చుకుందాం, నేనొస్త’’ అంటే చాలు. అప్పుడు నవాగామ్ ఆరోగ్య కేంద్రంలో ఆయనకు ఎక్స్‌రే ఉచితంగా, ఆ రోజే, కూలి పోకుండా దొరకాలి. ఆ ఒక్కటి దొరికే ఏర్పాటు చేయడం మన ప్రభుత్వాల చేతిలో ఉంది. దానికి ఏ దేశపు వీసా అక్కర్లేదు.